మెడతో కబుర్లు

"మెల్లగా! నీ చేతులు బండబారిపోయాయి" అన్నాడు ఒకెజీ, వెనక్కి తిరక్కుండానే.

ఉజోమా గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి భర్త మెడ వెనక రసి తుడుస్తోంది. జుట్టు అంచున చింతగింజలంత గట్టి కాయలు, మధ్య మధ్య చీముపొక్కులు, చుట్టూ వెంట్రుక మొలవని మచ్చ. వెంట్రుక లోపలికే తిరిగి మొలుస్తోంది, ఇక మెడమీద కత్తి పెట్టించొద్దు, బిగుతు కాలర్లు వద్దు, రెండు పూటలా మందు రాయాలి అని అబా పట్నంలో చర్మం డాక్టరు ఆయనకే చెప్పాడు. "మా ఆవిడకి రాసివ్వండి" అన్నాడీయన. శనివారం వస్తే మాత్రం మంగలి కుర్చీలో కూర్చుని, గీత గీసినట్టు అంచు తీయించుకోవాల్సిందే. లేకపోతే ఆదివారం చర్చిలో వెనక వరసవాళ్ల ముందు పరువు పోతుందట. ఆ పరువుకి మిగతా వారమంతా చాకిరీ ఉజోమాది. దిండు గలీబుల మీద నెత్తుటి మరకలు ఉతికేదీ ఆమే. "నువ్వు పోసే కారం చారుకే వాడికి వేడి చేసింది" అని తేల్చేసింది అత్తగారు, పోయిన ఈస్టరుకి వచ్చి. కత్తి మాట మాత్రం ఎత్తదావిడ.

పదకొండేళ్లుగా ఉజోమా కబుర్లన్నీ ఈ మెడతోనే. రెండో బిడ్డ కడుపులో నిలవలేదని ఆసుపత్రి నుంచి వచ్చి మొదట చెప్పిందీ దీనికే. "ఊఁ... కుడిపక్క ఇంకా దురదగా ఉంది" అంది మెడ. అంత ఒంటరితనం ఆమెకు మళ్లీ ఎప్పుడూ అనిపించలేదు.

ఇవాళా దానికే చెప్పింది. "హెడ్‌మిస్ట్రెస్ శిక్షణకి మా బడి నుంచి నన్ను ఎంపిక చేశారు. ఆరు వారాలు ఒవెర్రిలో ఉండాలి. సోమవారం వెళ్తున్నాను."

మెడ బిగుసుకుంది. "మరి నా మెడ?"

ఆమెకు నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. ఆయనే దారి చూపాడు. "పోనీ, చిసొంకి నేర్పించి వెళ్లు. పదేళ్లొచ్చాయిగా. చిసొం! ఇలా రామ్మా, అమ్మ ఎలా చేస్తుందో చూడు."

కూతురు లెక్కల పుస్తకం వదిలి వచ్చింది. పొక్కులు చూసి ముక్కు ముడుచుకుంది. అయినా దూదికోసం చెయ్యి చాచింది. ఆ చాచడం చూసి ఉజోమా దూదిని వెనక్కి లాక్కుంది. పదకొండేళ్ల కిందట తనూ అలాగే చాచింది, ఎవరూ బలవంతపెట్టకుండానే.

"నువ్వెళ్లి చదువుకో అమ్మా."

ఒకెజీని లేపి గోడ అద్దం ముందు నిలబెట్టి, వెనక తన చేతి అద్దం పట్టింది. ఆయన తన మెడని మొదటిసారి చూసుకున్నాడు.

"ఇంత ఘోరంగా ఉందా? ఏనాడూ చెప్పలేదేం?"

"రోజూ చెప్పాను."

మందు గొట్టం ఆయన అరచేతిలో పెట్టింది. "చెయ్యి వెనక్కి పెట్టండి, చిసొం నాన్నా. అందుతుంది."