చచ్చినోడి రాయి

కుంటి మామ గిన్నె చాపాడు. వంటక్క గరిట ఎత్తింది. రెంటికీ నడుమ ఓ గొడుగు కొస వచ్చి గరిటను పక్కకి నెట్టింది. గంజి బురదలో పడింది.

“ఈ ముసలోడు ఇవాళ గుంతలోకి దిగాడా?” అన్నాడు మేనేజరు.

“కాలు నలిగిన మనిషి బాబూ, ఎట్లా దిగుతాడు?” అంది వంటక్క.

“దిగనోడికి గంజి లేదు. మేం తిండి పెట్టేది చేతులకి. నోళ్ళకి కాదు.”

కుంటి మామ బురదలో పడ్డ గంజి వంక చూశాడు. వాన చినుకులు దాన్ని నీళ్ళతో కలిపేస్తున్నాయి.

“నోరు లేని చెయ్యి ఎక్కడన్నా దొరికితే చూపించు బాబూ. మేమూ అట్లాంటివే కంటాం” అన్నాడు.

వరసలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆ కాలు నలిగింది ఆ మేనేజరు గుంతలోనే, ఆ మేనేజరు రాయి కిందే. అందరికీ తెలుసు. ఎవరమూ నోరు మెదపలేదు. మా గిన్నెలు ఇంకా నిండలేదు మరి.

మాది రాళ్ళ క్వారీ. మాకూ లోకానికీ మధ్య ఒక నది, నది మీద ఒక వంతెన. వానలకి వంతెన కొట్టుకుపోయింది. ఇవతల మేమూ, మా గుడిసెలూ, గుంతా, కప్పు దాకా బస్తాలు పేర్చిన రాతి గోదామూ మిగిలాం. దాని తాళంచెవి మేనేజరు మొలకి వేలాడుతుంటుంది. ఎండొచ్చినా వానొచ్చినా గొడుగు లేకుండా అడుగు బయటపెట్టడు గనక మేం అతనికి పెట్టిన పేరు గొడుగు. దారి పడేసరికి రాయి సిద్ధంగా ఉండాలని కాంట్రాక్టరు హుకుం. నీళ్ళు ఎప్పుడు తీస్తాయో తెలియదు గనక బస్తాలు పొదుపుగా వాడాలని కూడా హుకుం. ఆ పొదుపు మా ముసలోళ్ళతోనూ పిల్లలతోనూ మొదలైంది.

కొండ మీదికి పోయి దుంపలు తవ్వుకుందామంటే పని వేళ కదలకూడదు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. పని దిగాక పోతే, దగ్గరి దుంపలు ఎప్పుడో అయిపోయాయి. మిగిలినవి చేదు దుంపలు. వాటిని తరిగి మూటగట్టి పారే నీళ్ళలో వదిలెయ్యాలి. చేదు పోయేదాకా ముట్టకూడదు. ఆకలి ఆగుతుందా? సగం నానినవే ఉడకేసుకుని తిన్నారు. తిన్నవాళ్ళు తిన్నట్టే కక్కుకున్నారు. పిల్లలు కక్కలేక మెలికలు తిరిగారు.

ఇక్కడ మా రాళ్ళ సంగతి చెప్పాలి. గుంతలోకి దిగే ప్రతి మనిషికీ ఒక గులకరాయి ఉంటుంది. దాని మీద ఎవరి గుర్తు వాళ్ళు చెక్కుకుంటారు. దిగేటప్పుడు గుంత అంచున ఉన్న బుట్టలో రాయి వేస్తాం. ఎక్కేటప్పుడు తీసుకుంటాం. సాయంత్రం బండ పేల్చే ముందు మందుతాత బుట్టలో చెయ్యి పెట్టి తడుముతాడు. ఖాళీగా ఉంటేనే వత్తి అంటిస్తాడు. ఒక్క రాయి మిగిలినా అంటించడు. ఇది ఏ మేనేజరూ పెట్టిన పద్ధతి కాదు. మా తండ్రులు పెట్టుకున్నది. మొగుడూ పెళ్ళాలు ఒకరితో ఒకరు అబద్ధమాడతారేమో గానీ రాయితో ఎవరూ అబద్ధమాడరు.

గొడుగు ఆ బుట్టను పట్టుకున్నాడు. పొద్దున మేం దిగాక, అతని కాపలావాడు బుట్టను షెడ్డు కిందికి తెప్పించుకుని రాళ్ళు లెక్కపెడతాడు. ఎన్ని రాళ్ళో అన్ని గరిటలు. వానలో నిలబడి మనుషుల్ని చూడ్డం కంటే తడవకుండా రాళ్ళు చూడ్డం సుఖం కదా.

మాలో ఒకడికి సుత్తోడని పేరు. సుత్తి దెబ్బ వాడిలా వేసేవాడు లేడు. గుంతకి అవతలి వైపు, పైన బండ వాలి ఉన్న మెట్టు మీద ఒంటరిగా పనిచేసేవాడు. వాడి భార్య రాళ్ళు మోస్తుంది. ఒక కూతురు, ఇంకా సరిగా మాటలు రాని పాప. సుత్తోడి తమ్ముడు ఉడుత. బండలెక్కడంలో ఉడుతే.

ఒక రోజు సాయంత్రం అందరమూ పైకొచ్చాం. ఎక్కుడు దారిలో సుత్తోడి భార్యకి కళ్ళు బైర్లు కమ్మి పడిపోయింది. మోసుకొచ్చి షెడ్డులో పడుకోబెట్టారు. ఎవరో ఆమె రాయి బుట్టలోంచి తీసి ఆమె గుప్పిట్లో పెట్టారు. మందుతాత బుట్టలో చెయ్యి పెట్టాడు. చెయ్యి ఆగింది.

“ఒకటి ఉంది” అన్నాడు. బొటనవేలితో గుర్తు తడిమాడు. “సుత్తి గుర్తు. సుత్తోడు పైకి రాలేదు.”

“ఏయ్ తాతా, వత్తి అంటించు!” గొడుగు అరిచాడు. “వాడెక్కడో గుడిసెలో పడి ఉంటాడు.”

“రాయి ఉంది బాబూ.”

“రాయి మాట వింటావా, నా మాట వింటావా?”

“రాయి మాటే.”

మేం గుంతలోకి పరుగెత్తాం. “అన్నా! ఒరే సుత్తోడా!” అరిచాం. గుంత మా గొంతులే మాకు తిప్పికొట్టింది. వాన. తిండి లేని కాళ్ళు. అవతలి మెట్టు మీద బండ కింద మట్టి కారుతోంది. ఆ కిందికి వెళ్ళొద్దని అందరమూ అన్నాం. “మా అన్న అక్కడే పనిచేసేది” అని ఉడుత వెళ్ళాడు.

షెడ్డులో సుత్తోడి భార్యకి తెలివొచ్చింది. అరుపులు వింది. లేచి కూర్చుంది. గుప్పిట విప్పి చూసుకుంది. ఒక్క రాయే ఉంది. పక్కనే ఉన్న వంటక్క తర్వాత చెప్పింది, ఆమె నోరు తెరిచి మళ్ళీ మూసిందట. మళ్ళీ తెరిచి మూసిందట. చెబితే రెండో గరిట పోతుంది. రెండో గరిట పాపది.

మూడోసారి లేచి గుంత అంచుకి పరుగెత్తి కేకేసింది.

“లేడు! అక్కడ లేడు మరిదీ! వచ్చెయ్!”

అప్పటికే బండ కదిలింది. ఉడుత ఒళ్ళు తప్పించుకున్నాడు. కుడిచెయ్యి తప్పించుకోలేకపోయాడు.

సుత్తోడు గుడిసెలోనే ఉన్నాడు. గోనెపట్టా కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఉడుతని మోసుకొచ్చినవాళ్ళే పట్టా తీశారు. కాలి గాయం చీముపట్టి, జ్వరమొచ్చి మూడు రోజుల కిందటే చచ్చిపోయాడు. అప్పట్నుంచీ ఆమె రోజూ ఒక గుప్పిట్లో రెండు రాళ్ళు తెచ్చి వేస్తోంది. “ఆయన అవతల ఉన్నాడు, నేనే తీసుకెళ్తా” అని రెండు గిన్నెలు నింపించుకుంటోంది. సాయంత్రం రెండు రాళ్ళూ తీసుకుంటోంది. ఆ ఒక్క సాయంత్రమే తీయలేకపోయింది.

గొడుగు గుడిసె గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి రాలేదు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

“చచ్చినోడి పేరు చెప్పి మెక్కుతున్నారా! రేపట్నుంచి ఎవరికీ గంజి లేదు. ఇంకెవరెవరు దొంగరాళ్ళు వేశారో చెప్పండి. చెప్పినోడికి మూడు గరిటలు.”

వెళ్ళిపోయాడు. మూడు గరిటల మాట మాత్రం మా మధ్యే ఉండిపోయింది. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ చూపు మంచి చూపు కాదు. అన్నదమ్ముడిలో గంజి కనబడే చూపు.

శవం పక్కనే మాట మొదలైంది. మొదలైంది అనడం కంటే పేలింది అనాలి.

“రాయితో అబద్ధమాడావా! పోయింది నీ మొగుడు ప్రాణం కాదు, మా అందరి ప్రాణం. రేపు బుట్టలో రాయి మిగిలితే ఎవడు దిగి వెతుకుతాడు?”

“దీన్ని తీసుకెళ్ళి వాడికి అప్పజెప్పండి. మన గంజి మనకొస్తుంది.”

“అప్పజెప్పి? ఆ గంజి నీ గొంతు దిగుతుందా?”

“దిగుతుందక్కా. సిగ్గులేకుండా దిగుతుంది. నా పిల్లలు కూడా ఏడుస్తున్నారు.”

సుత్తోడి భార్య తల ఎత్తలేదు. మరిది చెయ్యి చుట్టూ తన చీర కొంగు చింపి కడుతోంది. ఉడుత పళ్ళు బిగబట్టి ఆమెనే చూస్తున్నాడు.

“మా అన్న పోయాడని నాక్కూడా చెప్పలేదు వదినా.”

“చెబితే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే అందరికీ తెలుస్తుంది. నేను మాత్రం ఏడ్చానా? పక్కన పడుకున్నాను. ఏడవలేదు.” కట్టు ముడి వేసింది. “తప్పే. నీ చెయ్యి పోయింది, అది తప్పే. పాపకి పోసింది మాత్రం తప్పనను. కొట్టండి, అప్పజెప్పండి. ఆ మాట మాత్రం అనను.”

వంటక్క ముందుకొచ్చింది. “నాకు తెలుసు” అంది.

అందరం ఆమె వైపు తిరిగాం.

“రెండు గిన్నెలు తీసుకుని షెడ్డు వెనక్కి పోయేది. గుంత వైపు పోయేది కాదు. నాకు కళ్ళు లేవా? తెలిసే పోశాను. ఈమెని అప్పజెబితే నన్నూ అప్పజెప్పండి. అప్పుడు గంజి మీరే కాచుకోండి, చూస్తాను మీ వంట.”

మందుతాత అంతసేపూ రాయిని అరచేతిలో తిప్పుతున్నాడు.

“ఈ రాయి మనిషి ప్రాణం కాపాడ్డానికి పెట్టుకున్నాం. గరిటలు కొలవడానికి కాదు. దాన్ని వాడు కొలతగిన్నె చేస్తుంటే మనం నోరు మూసుకుని చూశాం. కుంటోడి గంజి బురదలో పోసిన రోజే మన రాళ్ళు అబద్ధం నేర్చుకున్నాయి. ఈ పిల్ల చివర్న నేర్చుకుంది, అంతే.”

“అయితే తాతా,” ఉడుత మోచేతి మీద లేచాడు, “నీ పెట్టెలో మందుంది. గోదాముకి పెట్టు. వాడు రోజూ అందులోనే కూర్చుంటాడు. గోదామూ వాడూ ఒకేసారి గాల్లోకి లేస్తారు.”

కొందరు ఊఁ అన్నారు. ఊఁ అన్నవాళ్ళే ఎక్కువ, దాచడమెందుకు.

తాత తల అడ్డంగా ఊపాడు. “లోపల మనిషుండగా ఈ చేత్తో వత్తి అంటించలేదు. అంటించను.”

“వాడు మనిషా?”

“కాకపోవచ్చు. నేను మనిషిని కదరా.”

మూలనుంచి కుంటి మామ దగ్గాడు. “మందెందుకురా దరిద్రం! ఆ గోదాం గోడ కట్టిందెవరు? మనమే కదా. పేర్చినోడికి తియ్యడం చేతకాదా?”

పొద్దున్నే సుత్తోడిని రాళ్ళ కింద పెట్టాం. అటునుంచి అటే గోదాముకి నడిచాం. ఎవరూ గుంతలోకి దిగలేదు. కుంటి మామ కర్ర ఊతంతో ముందు నడిచాడు. పిల్లలకి కూడా తలా ఒక గులకరాయి ఇచ్చాం. బుట్ట తెచ్చి గోదాం గుమ్మంలో పెట్టాం. ఒక్కొక్కరూ వచ్చి రాయి వేశారు. ముసలోళ్ళు వేశారు, జ్వరాలవాళ్ళు వేశారు. పాప చేత వాళ్ళమ్మ వేయించింది.

“లెక్కపెట్టు బాబూ” అంది వంటక్క. “ఎన్ని రాళ్ళో అన్ని గరిటలు. నీ రూలే.”

గొడుగు లోపలికి పోయి గడియ వేసుకున్నాడు. కాపలావాడు తుపాకీ ఎత్తాడు. ఒకసారి గాల్లోకి కాల్చాడు. కొండ మీద పక్షులు లేచాయి. మేం గోదాం వెనక గోడ దగ్గరికి పోయి గడ్డపారలు పెట్టాం. కప్పు మీద బరువు పడని చోటు చూసుకుని, పై వరస నుంచి ఒక్కొక్క రాయే తీసి చేతులు మార్చి కింద పెట్టాం. ఎవరి మీదా పెళ్ళ కూడా పడనీయలేదు. కాపలావాడు మా వెనకే వచ్చాడు. మా వీపులన్నీ తుపాకీ వైపే ఉన్నాయి. అన్ని వీపుల్లో దేన్ని కాల్చాలో వాడికి తెలియలేదు. మాకు మాత్రం వీపంతా చలిగా ఉంది, తుపాకీ గొట్టం ఆనినట్టు. ఆ చలి ఇప్పటికీ పోలేదు.

గోడ తెరుచుకోగానే ఒక కుళ్ళు వాసన కొట్టింది. వెనక వరస బస్తాలు చెమ్మకి తడిసి ఉబ్బాయి. గోనె కన్నాల్లోంచి తెల్లగా మొలకలు పొడుచుకొచ్చాయి. మా పిల్లలు చేదు దుంపలు తిని మెలికలు తిరుగుతుంటే ఇక్కడ గింజలు మొలకెత్తుతున్నాయి. ఉడుత ఎడమచేత్తో గడ్డపార ఎత్తాడు. గొడుగు బస్తాల వెనక నక్కి ఉన్నాడు. గొడుగు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఉడుత చెయ్యి పట్టుకున్నది వాళ్ళ వదిన. పట్టుకుంది, అంతే. గడ్డపార దిగింది.

“బయటికి రా” అంది వంటక్క గొడుగుతో. “రాయి తెచ్చుకో. వరసలో నిలబడు.”

మంచి బస్తాలు ఏరి గంజి కాచాం. మొదటి గరిట పిల్లలకి. కుంటి మామ గిన్నె నిండింది. సాయంత్రానికి గొడుగు కూడా వరస చివర్న నిలబడ్డాడు. నది తీసేదాకా రోజూ నిలబడ్డాడు. పాముకి పాలు పోశామని కొందరు అన్నారు. పోయకపోతే మనమూ వాడూ ఒకటేనని ఇంకొందరు అన్నారు. ఆ వాదన మాలో ఇప్పటికీ తెగలేదు.

నీళ్ళు తీశాయి. దారి పడింది. ముందు వచ్చినవి తిండి బస్తాలు కావు, పోలీసు జీపులు. మా గంజి తిన్న నోటితోనే గొడుగు వేలెత్తి చూపించాడు. పేలుడు మందుతో బెదిరించాడని మందుతాతని, శవం పేరు చెప్పి దొంగతనం చేసిందని సుత్తోడి భార్యని ఎక్కించారు. ఎక్కేముందు ఇద్దరూ బుట్ట దగ్గరికి నడిచారు. పోలీసులకి అర్థం కాలేదు, ఆపలేదు. తాత తన రాయి వేశాడు. ఆమె తన రాయి వేసింది. పాపని వంటక్క చంకకి అందించింది.

“అన్నం ముద్ద మింగకుండా దాచుకుంటుంది అక్కా. కాస్త చూసుకో” అంది. జీపు కదిలింది.

కాంట్రాక్టరు మర్నాడే వేరేచోటి నుంచి ఒక వత్తి మనిషిని పంపాడు. మేమెవరం ఎరగని మనిషి. మాటలు తక్కువ. బండకి మందు కూరాడు. వత్తి సాగదీశాడు. అగ్గిపెట్టె తీసి, మా తాతలాగే ముందు బుట్టలో చెయ్యి పెట్టాడు. వాళ్ళ గుంత అంచునా ఇలాంటి బుట్టే ఉండేదేమో.

“రెండున్నాయే” అన్నాడు. “ఎవరు రాలేదు?”

చెప్పాం.

“వాళ్ళు గుంతలో లేరు కదరా!” గొడుగు అరిచాడు. “వాళ్ళు రారు. అంటించు!”

ఆ మనిషి రాళ్ళ మీది గుర్తులు బొటనవేలితో తడిమాడు. మళ్ళీ బుట్టలోనే పెట్టాడు. అగ్గిపెట్టె జేబులో వేసుకుని మా పక్కన కూర్చున్నాడు.

గొడుగు కాపలావాణ్ణి కబురుకి పంపాడు. చీకటి పడే వేళకి నది వైపు నుంచి మళ్ళీ జీపుల చప్పుడు. ఈసారి ఎక్కువే ఉన్నాయి. కుంటి మామ బుట్టను దగ్గరికి లాక్కున్నాడు. మేం దాని చుట్టూ మూగి కూర్చున్నాం, భుజానికి భుజం ఆనించి. పాప వంటక్క ఒళ్ళోంచి వంగి, వాళ్ళమ్మ రాయి మీద చెయ్యి పెట్టింది.