సుష్మ పేరు మీది మీటరు

రాజారాం ఇంట్లో కరెంటు మీటర్లు రెండు. ఒకటి అతని తల్లి లింగవ్వ పేరున, రెండోది భార్య సుష్మ పేరున. అతని పేరున ఏదీ లేదు గానీ రెండింటి మీదా పెత్తనం మాత్రం అతనిదే. తల్లి రేషను కార్డు వేరు, తమ కార్డు వేరు. కాబట్టి సర్కారు పథకం కింద ఒక్కో మీటరూ నెలకు రెండు వందల యూనిట్లు దాటకపోతే రెండింటికీ జీరో బిల్లే. బోధన్ చుట్టుపక్కల ఊళ్లలో ఈ తెలివి ఒక్క రాజారాందే కాదు. ఆడవాళ్ల పేరున గుంట భూమి రాయించమంటే ఏళ్ల తరబడి ఆలోచించే మగవాళ్లు, మీటరు రాయించడానికి మాత్రం అన్నం కూడా తినకుండా కరెంటాఫీసుకు పరుగెత్తారు.

సుష్మ మీటరు మీద నడిచేది ముందు గది. రాజారాం తన పసుపుతో పాటు ఊరివాళ్ల పసుపు కూడా కొని నిజామాబాద్ యార్డుకు తోలుతాడు. బేరాలన్నీ ఆ గదిలోనే. బల్ల మీద పసుపు కొమ్ముల మచ్చు, చుట్టూ కుర్చీలు, గోడకు ఏసీ. ఏసీ లేకపోతే పసుపు కొనే సేట్లు కూర్చోరని అతని వాదన. మిగిలిన ఇల్లంతా, అంటే ఫ్రిజ్జు, బోరు మోటరు, టీవీ, వంటింటి ఫ్యాను, బల్బు, అన్నీ లింగవ్వ మీటరు మీదే. నెలాఖరుకు అది అంచుకు చేరుతుంది. అప్పుడు ఆగేది టీవీ కాదు, వంటింటి ఫ్యాను. బల్బునైతే లింగవ్వే కొంగుతో పట్టి తిప్పి తీసి, బియ్యం డబ్బాలో దాచేస్తుంది. అలవాటులో పడి మరిచిపోయి ఎవరైనా స్విచ్ వేస్తారని ఆమె భయం.

వంటిల్లు ఇంటి వెనక రేకుల కింద ఉంది. కిటికీ లేదు. పొయ్యిలోకి గింజలు ఒలిచిన మక్క బెండ్లు, ఎండిన చెరుకు ఆకు. గ్యాసు సిలిండరు ఉంది గానీ పూల గుడ్డ కప్పుకుని, ఇంటికొచ్చిన పెద్దమనిషిలాగా మూల కూర్చుని ఉంటుంది. సేట్లకు చాయ్ పెట్టాల్సి వచ్చినప్పుడే దానికి పని.

నిరుడు మే నెలలో, అయిదో నెల కడుపుతో, సుష్మ ఆ వంటింట్లోనే గంజి వారుస్తూ పడిపోయింది. బోధన్ ఆసుపత్రికి తీసుకుపోయారు. బిడ్డ నిలవలేదు. ఎండదెబ్బ అన్నారు కొందరు, దిష్టి అన్నారు కొందరు. వంటిల్లు అని మాత్రం ఎవరి నోటా రాలేదు. ఆ తర్వాత సుష్మ ఏడవలేదు, ఎవరినీ ఏమీ అనలేదు, నాలుగు రోజులకే లేచి పనిలో పడింది. పిల్ల తొందరగానే తేరుకుందని ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు. అది తేరుకోవడం కాదు, మొద్దుబారడం. కాలిన గిన్నెను పట్టుకున్నా చెయ్యి కాలుతున్న సంగతి ఆమెకు కాస్త ఆలస్యంగా తెలిసేది. పండగ వచ్చినా, పసుపు ధర పెరిగినా, ఎవరో పక్కింట్లో మాట్లాడుకుంటున్నట్టే ఉండేది.

ఈ ఏడు మళ్లీ నాలుగో నెల. మళ్లీ ఎండలు. పుట్టబోయే బిడ్డ మీద ఆశ పెట్టుకోవడానికి కూడా ఆమెకు ఓపిక లేదు. అయినా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నోరు తెరిచి అడిగింది. మహిళా సంఘం లీడరు జ్యోతిరాణి మీటింగులో చెప్పింది, ఎండను వెనక్కి కొట్టే తెల్లరంగు వచ్చిందని, ఇంటి కప్పు మీద వేస్తే లోపల చల్లగా ఉంటుందని, సభ్యురాలికి ఒక్క గదికే ఇస్తారని.

“నాకు వంటింటికి కావాలె అక్కా,” అంది సుష్మ.

పేరు రాసుకున్నారు. వారం తిరక్కుండానే జ్యోతిరాణి రంగు డబ్బాలతో, ఇద్దరు పనివాళ్లతో వాకిట్లో దిగింది. రాజారాం ముందు గదిలో నర్సన్న అనే రైతుతో పసుపు బేరంలో ఉన్నాడు. సంగతి విని లేచి వచ్చాడు.

“సభ్యురాలి మీటరు మీదున్న గదికే వెయ్యాలె అన్నా, రూలు గట్లున్నది,” అంది జ్యోతిరాణి. “సుష్మ మీటరు ఏ గదికున్నది?”

రాజారాం ముఖం వెలిగిపోయింది. “గీ గదికే అక్కా. మీటరు ఆమెదే, ఏసీ ఆమెదే, గది మొత్తం మా ఆమెదే. నేను ఊకె అచ్చి కూసుంట, గంతే!” నర్సన్న పకపకా నవ్వాడు.

“మరి ఆమె వంటింటికి అడిగింది గద?”

“వంటింటి వైరు అవ్వ మీటరుకెల్లి పోయింది. రూలు తప్పుతమా?”

జ్యోతిరాణి సుష్మ వైపు తిరిగింది. “నువ్వేమంటవ్ సుష్మా?”

ఏదో అనాలని సుష్మకు తెలుసు. ఇలాంటప్పుడు మనిషికి కోపం రావాలని కూడా తెలుసు. లోపల వెతుక్కుంది. దొరకలేదు. “ఎట్లయితే గట్ల గానీ అక్కా,” అని నీళ్ల బిందె ఎత్తుకుని లోపలికి పోయింది.

సాయంత్రానికి ముందు గది స్లాబు మీద రంగు ఆరింది. మంచి రంగే, అబద్ధం ఎందుకు చెప్పాలి, గది నిజంగానే చల్లబడింది. ఏసీ కూడా తగ్గించి పెట్టుకోవచ్చని రాజారాం సంబరపడ్డాడు. “నీ గది మస్తు సల్లగైంది పో,” అని భార్యను మెచ్చుకున్నాడు కూడా. అతను చెడ్డవాడు కాదు. పెళ్లయిన నాటి నుంచి ఆ వంటింట్లో పట్టుమని పది నిమిషాలు నిలబడనివాడు, అంతే.

మర్నాడు పొద్దెక్కాక సుష్మ పొయ్యి ముందు కూర్చుని ఉండగా కళ్ల అంచున నల్లగా కమ్మింది. చెవుల్లో సన్నగా హోరు. ఆమెకు ఇది కొత్త కాదు. నిరుడు కూడా సరిగ్గా ఇట్లాగే మొదలైంది. పొయ్యి దగ్గర నుంచి వెనక్కి జరిగి, గోడకు వీపు ఆనించి, కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. భయం రాలేదు. ఏం చెయ్యాలో మాత్రం తెలిసింది.

గుమ్మంలో లింగవ్వ నిలబడి చూస్తోంది.

“అత్తమ్మా,” అంది సుష్మ. “ఇగ నేను ముందు రూముల వండుత. గది నాదన్నడు గద.”

ఆ పొయ్యి ముందు తన వయసంతా కరిగిపోయిన మనిషి లింగవ్వ. కోడలు బల్బు అడిగితే కసిరింది, ఫ్యాను అడిగితే మీటరు చూపించింది. ఇప్పుడు మూలకు పోయి, సిలిండరు మీది పూల గుడ్డను లాగి అవతల పారేసింది. సుష్మ లేవబోయింది.

“నువ్వు ముట్టకు,” అంది లింగవ్వ. “కూసో. నేను దొర్లిస్త.”

మధ్యాహ్నం రాజారాం ధర్మాబాద్ సేటును వెంటబెట్టుకుని వచ్చేసరికి ముందు గది కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. ఏసీ ఆపేసి ఉంది. బల్ల మీద గ్యాసు పొయ్యి, దాని మీద కుతకుతమంటూ అన్నం. మచ్చు పసుపు కొమ్ములు కిటికీ గూట్లోకి చేరాయి. లింగవ్వ సేటు కూర్చునే కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. వెనకే వచ్చిన నర్సన్న గుమ్మంలోనే ఆగిపోయాడు.

“గిదేంది?” అన్నాడు రాజారాం.

“వంట.”

“వంటింట్ల జేస్కోవాలె గని…”

“గీ గది నాదంటివి గద. నిన్న అందరి ముంగట.” ఉప్పు అయిపోయింది అని చెప్పినట్టు చెప్పింది సుష్మ.

రాజారాం నర్సన్న వంక చూశాడు. నర్సన్న తన చెప్పుల వంక చూసుకున్నాడు. విన్న మనిషి ఎదురుగానే ఉన్నప్పుడు అన్న మాట మింగడం కష్టం.

“మరి మేమేడ కూసోవాలె?”

“వంటిల్లు ఖాళీగనే ఉన్నది బిడ్డా,” అంది లింగవ్వ తలెత్తకుండా. “కుర్చీలేస్కపో.”

పంతం వచ్చింది రాజారాంకు. రెండు కుర్చీలు పట్టుకుని సేటును తీసుకుని వంటింట్లోకి నడిచాడు. పొద్దున రాజేసిన పొయ్యిలో మక్క బెండ్లు ఇంకా కణకణలాడుతున్నాయి. పైన రేకులు సలసలా కాగుతున్నాయి. కూర్చోగానే సేటుకు ఎక్కడి నుంచో ఫోను వచ్చింది, లేక వచ్చినట్టు చేశాడు, మళ్లీ వస్తానని బయటపడ్డాడు. నర్సన్న ఎప్పుడో బండి తీశాడు. రాజారాం ఒక్కడే మిగిలాడు. వెంటనే లేచి వస్తే పరువు పోతుందని కూర్చున్నాడు.

సుష్మ అన్నం దించి, చాయ్ పెట్టింది. అది పొంగేదాకా కూడా అతను ఆగలేకపోయాడు. అంగీ వీపుకు అతుక్కుపోయి, కళ్లు ఎర్రబడి, గోడ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కాసేపు ఊపిరి పీల్చుకోవడమే సరిపోయింది. ఆమె ముఖం చూశాడు, కడుపు చూశాడు, మళ్లీ వెనక్కి తిరిగి ఆ చీకటి గది చూశాడు.

“రోజూ గిట్లనే ఉంటదా?” అన్నాడు.

సుష్మ చాయ్ వడగట్టి, గ్లాసు అతని ముందు పెట్టింది.

“నిరుడు ఇంకా ఎక్కువుండె,” అంది.