ఒకటా, ఎల్లా?

నూలు కండెలు చుడుతుంటే రాట్నం చప్పుడుకు నా మనసు నిమ్మళిస్తుంది. ఆ రోజు నిమ్మళించలేదు. పొద్దున మా ఆయన ఉమామహేశ్వర మగ్గం గుంతలోంచి లేచి, వీధంతా వినేలా అన్న మాటే చెవుల్లో తిరుగుతోంది. "కండ్లు యాడ పెట్టుకోని చేసినావు? చిలకలకు తలకాయలే లేవు."

నిజమే, లేవు. చీర అంచులో వరసగా రావలసిన చిలకలు, జానెడు నేసేసరికి మొండేలతో తేలాయి. ఆ అంచు నేను చేసిందే. డిగ్రీలో కంప్యూటర్లు చదివిన కోడలని చెప్పుకుని మురిసిన ఈ ఇంట్లోనే, వంట చేసి, కండెలు చుట్టి, మిగిలిన పొద్దులో నేనొక చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. బొమ్మ ఇస్తే అది పోగుకొక గడి చొప్పున గళ్ళ కాగితం తీసిపెడుతుంది. ఆ గళ్ళను బట్టి జాకార్డు అట్టలకు రంధ్రాలు కొడతారు, ఆ అట్టలను బట్టి మగ్గం మీద చిలక లేస్తుంది. రెండేళ్ళుగా మైదుకూరులో మా అంచులు చూసిన వాళ్ళంతా "ఉమామహేశ్వర డిజైను" అనే మెచ్చుకున్నారు. ప్రోగ్రాం మొదటి వరసలో ఆ పేరు పెట్టింది కూడా నేనే. భర్త పేరు పెట్టమని నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకుండానే పెరిగాం కదా. చిలకలకు తలలున్నన్నాళ్ళూ డిజైను ఆయనది, తలలు పోయిన రోజున మాత్రం నాది.

ఎదురింటి సోమన్న కూడా వచ్చి చూసి నవ్విపోయాడు. మధ్యాహ్నం అన్నం తిని చేయి కడుక్కుంటూ మా ఆయన తేల్చేశాడు. "కంప్యూటరు ఎర్రగుంట్ల బసవరాజుకు ఇచ్చేస్తాండా. ఇంక డిజైన్లు ఆయప్ప చూసుకుంటాడు. నువ్వు కండెలు చూసుకో."

ఆటో మాట్లాడుకొస్తానని వెళ్ళాడు. ఎంగిలి కంచం నా చేతిలోనే ఉంది. ఆ పాత డబ్బా ఇంట్లోంచి వెళ్ళిపోతే, నాకంటూ ఉన్న ఒక్క మూలా పోతుంది. ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువగా భయమేసింది, ఆయన అన్నది నిజమేమోనని. ఆ ప్రోగ్రాం ఫైలు అప్పటికే పదిసార్లు చదివాను. తప్పెక్కడుందో కనబడలేదు. నా కళ్ళే సరిగా లేవేమో అనుకున్నాను.

కంచం తొట్టి దగ్గర పెట్టి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఆ కంప్యూటరు పాతబడి మొరాయిస్తే, లైనక్స్ అనే ఉచిత సిస్టం ఎక్కించి బతికించింది నేనే. అది ఎవరైనా వాడుకోవచ్చు, లోపలేముందో విప్పి చూసుకోవచ్చు. తప్పు పట్టే దారి కోసం ఫోన్లో నెట్‌ వెతుకుతుంటే ఎవరో అడిగిన ప్రశ్న ఒకటి కనబడింది. స్క్రీన్ మీద ఒకటి అంకె, ఇంగ్లీషు చిన్నబడి ఎల్ ఒకేలా కనబడుతున్నాయి, ఏం చేయాలి అని. ఇంత చిన్న సంగతి పదిమందిలో అడగడానికి సిగ్గేయలేదా అనుకున్నాను. కింద జవాబులు బోలెడున్నాయి. కళ్ళు చూపించుకోమని ఒక్కరూ రాయలేదు. ఫాంట్, అంటే అక్షరాల రూపు, మార్చమన్నారు. ప్రోగ్రాములు రాసేవాళ్ళ కోసమే అక్షరాలను మళ్ళీ కొత్తగా గీసినవాళ్ళు ఉన్నారట.

ఫోన్లోంచి కంప్యూటరుకు నెట్ కలిపి, అందులో ఒకటి దించుకున్నాను. జిప్ విప్పి ఫాంట్ల ఫోల్డరులో పెట్టాను. కొత్త అక్షరాలు వచ్చాయి, చూసుకో అని సిస్టంకు చెప్పే ఆజ్ఞ ఒకటి, ఆజ్ఞలు రాసే నల్ల తెర టెర్మినల్‌లో కొట్టాను. అది కిక్కురుమనలేదు, అంటే పనైనట్టే. ప్రోగ్రాం రాసుకునే ఎడిటర్లో ఫాంట్ పేరు మార్చి, నా ఫైలు తెరిచాను.

అలాగే చూస్తూ ఉండిపోయాను. ప్రతి అక్షరమూ ఒకే వెడల్పులో నిలబడింది. పుల్లలాంటి ఐకి ఎంత చోటో, బొద్దుగా ఉండే ఎమ్‌కీ అంతే చోటు. సున్నా పొట్టలో చుక్క. ఒకటి కింద పీట. ఎల్‌కి కింద చిన్న వంపు. నేను రాసిన వరసలేనా ఇవి, ఇంత అందంగా ఉన్నాయి! ఏ ఊరివాళ్ళో ఏమో, ఒక్కో అక్షరం దగ్గర ఎన్ని రోజులు కూర్చున్నారో. వాళ్ళకూ ఒకటికీ ఎల్‌కీ తేడా తెలియలేదు. తెలియకపోతే తమ కళ్ళను తిట్టుకోలేదు, అక్షరాన్నే మార్చేశారు. మార్చి, కావలసినవాళ్ళు తీసుకోండని ఊరికే ఇచ్చేశారు. నా ఇబ్బంది నాకంటే ముందు ఇంకొకరు ఆలోచించి పెట్టడం, పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో నేనెరగను.

ఈ చీర కోసం కొత్తగా మార్చిన నలభై రెండో వరసలో తప్పు దానంతటదే కనబడింది. బొమ్మకు ఎడమ పక్క వదలాల్సిన ఖాళీకి నేను పెట్టుకున్న పేరు ఎల్. ఆ ఒక్కచోట ఎల్ బదులు ఒకటి కొట్టాను. ఆ ఖాళీ అంత జరగాల్సిన బొమ్మ ఒక్క పోగే జరిగింది, ఎడమవైపున్న తలలు గుడ్డ బయటికి పోయాయి.

మా అత్త హనుమమ్మ వచ్చి వెనక నిలబడింది. ఆమెకు చదువు రాదు, కానీ నలభై ఏళ్ళు మగ్గం మీద దువ్వెన పళ్ళలాంటి అచ్చులో పోగులు ఎక్కించింది. గళ్ళ కాయితం మాదిరి ఉండాదే అని స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించింది. జరిగిందంతా చెప్పాను.

"పోగు తప్పితే మీ మామ నన్నూ అంటాండె, కండ్లు లేవా అని," అంది. "ఆ మూల దీపం చాలదని ఎవురికీ తోచల్యా. నాకూ తోచల్యా."

బయట ఆటో ఆగింది. ఉమామహేశ్వర లోపలికొచ్చి వైరు పీకడానికి వంగాడు. నేను కుర్చీలోంచి లేవలేదు.

"నా కండ్లు బాగానే ఉండాయి. తప్పు దొరికింది. ఆటో ఆయప్పను పంపించు," అన్నాను.

ఆయన వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆమె ప్లగ్గుకు అడ్డంగా నిలబడి ఉంది, జరగలేదు. కాసేపటికి ఆటో ఖాళీగా వెళ్ళిన చప్పుడు వినబడింది.

ఎల్ సరిదిద్ది, ఫైలు మొదటికి వెళ్ళాను. ఆయన పేరు చెరిపి నా పేరు కొట్టాను. శివలీల. ఇంగ్లీషులో రాస్తే అందులో రెండు ఎల్‌లు. పాత ఫాంట్‌లో అయితే అవి అక్షరాలో, అంకెలో తెలిసేది కాదు. లేచి వెళ్ళి రాట్నం దగ్గర కూర్చుని చూశాను. అక్కడినుంచి చూసినా అది పేరే.