దక్షిణం చూసిన పాపానికి

నేను ఒక సోలార్ వాటర్ హీటరును. ఆదిలాబాద్‌లో ఒక డాబా మీద నన్ను బిగించిన రోజు, కాలేజీలో భూగోళం చెప్పే నీరజ మేడం దగ్గరుండి నా గాజు ముఖాన్ని దక్షిణానికి తిప్పించింది. బిగించేవాడు పడుకోబెట్టబోతే వాలుగా ఎత్తించింది కూడా.

"భూమి ఒరిగి తిరుగుతది గద తమ్మీ. మనం భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నం. చలికాలం సూర్యుడు దక్షిణం దిక్కు కిందికి ఉంటడు, ఎండ ఏటవాలుగ పడి పల్చగైతది. గిట్ల ఎత్తిపెడితెనే సూటిగ తాకుతది" అంది.

నన్ను ఇంతగా ఎరిగిన మనిషి దొరికిందని మురిసిపోయాను. ఆ చలికాలమంతా పొగలు కక్కే నీళ్లిచ్చాను.

వేసవిలో ఆమె భర్త రాజలింగు బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తప్పు రోడ్డు మీది గుంతది కాదు, నాదేనని తేల్చాడు అత్తగారు భూదవ్వ పిలిపించిన వాస్తు పంతులు.

"దక్షిణం యముని దిక్కమ్మా. ఇంటి నెత్తి మీద దాన్ని అటు చూడనిస్తరా? ఉత్తరం తిప్పుండ్రి, కుబేరుని దిక్కు."

నేను నీరజ మేడం వైపు చూశాను. ఆమె ఒక్క మాట అంటే చాలు. "సరే అత్తమ్మా, మీ ఇష్టం" అనేసి, నా బోల్టులు విప్పుతుండగానే మెట్లు దిగి వెళ్లిపోయింది.

నా ఖర్మ కొద్దీ అవి రోహిణి కార్తె ఎండలు. సూర్యుడు నడినెత్తికొచ్చి, ఉత్తరానికి కూడా కాస్త జరిగే రోజులు. నీళ్లు బాగానే కాగాయి. రాజలింగు కర్ర వదిలి నడిచాడు కూడా. పంతులుకు కొత్త పంచెలు పెట్టారు.

చలికాలం వచ్చింది. సూర్యుడు దక్షిణానికి దిగిపోయాడు. నాకు దక్కింది ఓరగా జారిపోయే ఎండ. పొద్దున్నే ఒక్క చెంబు పోసుకుని భూదవ్వ కేక పెట్టింది.

"ఏం కొన్నవే నీరజా! మంచు లెక్క ఉన్నయి నీళ్లు!"

ఇప్పుడైనా నిజం చెబుతుందనుకున్నాను. "కంపెనీవాళ్లు మోసం జేసిండ్రు అత్తమ్మా" అంది.

ఆ సాయంత్రమే కింద హాల్లో ట్యూషను పిల్లలకు భూమి వాలు గురించి పాఠం చెప్పింది. గొంతులో ఎక్కడా తడబాటు లేదు.

ఖరాబైందని నన్ను తూకానికి అమ్మేశారు, ఇప్పుడు పాత సామాన్ల దుకాణంలో గోడకు చేరబడి ఉన్నాను. తెచ్చి పడేసినవాడికి దిక్కులతో పనిలేదు, అలా మళ్లీ దక్షిణానికి తిరిగాను. గొట్టాల్లో మిగిలిన నీళ్లు మధ్యాహ్నానికి సలసల కాగాయి. నన్ను విప్పబోయిన దుకాణం ముక్రం, చెయ్యి చుర్రుమనగానే ఎగిరిపడ్డాడు.

"గిది ఖరాబైందని ఎవడన్నడు బే!"

ఆ మాట నీరజ మేడం నోటి వెంట రావాల్సింది. ముక్రం వేళ్లు ఊదుకుని, సుత్తి అందుకున్నాడు.