మంచుపురుగులు ఎగిరిన మర్నాడు

ఆ గురువారం మధ్యాహ్నం ఒంటిగంట ఇరవైకి నా భార్య మిసావో పంపిన మెసేజ్ చదివి నేను నవ్వాను. ఆ నవ్వుకి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

"మావయ్య నా కారుకి మంచు టైర్లు వేశారట. ఎంత సంబరంగా చెప్పారో. సరే మావయ్యా, చాలా థాంక్స్ అని తల వంచాను. ఇప్పుడు అలిసిపోయి కునుకు తీస్తున్నారు, నేను బయల్దేరుతున్నాను. నువ్వు సోమవారమే వేయించేశావని నోరు జారకు సుమా. పాపం, చేతులు మోచేతుల దాకా నల్లగా చేసుకున్నారు."

గుర్రాల ఫారంలో పనిచేసే వాణ్ణి. లాయంలో ఉండగా ఫోను ముట్టుకోం. అందుకే ఆమె ముప్పావు గంట కిందట పంపింది అప్పుడు చూశాను. డెబ్భై ఎనిమిదేళ్ళ మా నాన్న ఏదో కలగని ఉంటాడనుకున్నాను. ఫోను జేబులో పెట్టి, దాణా బకెట్ ఎత్తి పదడుగులు వేశాను.

పదకొండో అడుగు పడలేదు.

చెయ్యని పని చేశానని ఊహించుకున్న మనిషికి చేతులకి మసి ఎలా అంటుతుంది?

బకెట్ అక్కడే వదిలేసి నా బుల్లి ట్రక్కు వైపు పరుగెత్తాను.

ఇదంతా నాలుగు రోజుల ముందు, ఆదివారం పొద్దున అన్నం తింటూ మొదలైంది. మిసావో వాళ్ళమ్మ కొండ కనుమకి అవతల ఒబిహిరో పట్నంలో వృద్ధుల ఆశ్రమంలో ఉంది. ఎవరు వండినా తినదు. కూతురు ఉడకబెట్టి తెచ్చే గుమ్మడికాయ ముక్కలు మాత్రం గిన్నె నాకేసినట్టు తింటుంది. అందుకని ప్రతి గురువారం మిసావో కనుమ దాటాల్సిందే. వేసవి టైర్లు విప్పి, మంచులో జారని మంచు టైర్లు వేసేద్దామా అని ఆమె అడిగింది. వేసేద్దాం అన్నాను నేను. నాన్న చాప్‌స్టిక్స్ కింద పెట్టాడు.

"పురుగులు ఎగిరాయా?" అన్నాడు.

లేదన్నాను.

"మరి ఏం తొందర? పొడి రోడ్డు మీద మెత్తటి రబ్బరు తిప్పితే నెలకే అరిగి చస్తుంది. నలభై ఏళ్ళు దుంగల లారీ తోలాను. పురుగు కనబడకుండా జాకీ ఎత్తలేదు, మంచులో ఒక్కసారి జారలేదు. టీవీలో టై కట్టుకున్నవాడు చెబితే నువ్వు వింటావు. వాడి కారుకి డ్రైవరు వేరే ఉంటాడురా."

మిసావో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

మా ఉత్తరాది దీవి హొక్కైడోలో చాలామంది పెద్దవాళ్ళది ఇదే లెక్క. ఆకులు రాలే రోజుల్లో సాయంత్రంపూట తెల్లటి దూదిపింజల్లాంటి పురుగులు గాలిలో తేలుతాయి. అవి కనబడితే వారం పది రోజుల్లో మొదటి మంచు. మా వీధిలో ఆ లెక్క చెప్పేది నాన్నే. ఆయన షెడ్డు తలుపు తీస్తే మిగతా ఇళ్ళవాళ్ళూ తీసేవారు.

కానీ ఆయనకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. చక్కెర జబ్బుతో వేళ్ళకి స్పర్శ పోయింది. రెండేళ్ళ కిందట జాకీ జారి పాదం నలగ్గొట్టుకున్నాడు. అప్పటినుంచి టైర్లు నేనే మారుస్తున్నాను. ఆయన పక్కన స్టూలు వేసుకుని, స్పానర్ అలాగా పట్టుకునేది, నీకంటే కోడలు నయం అంటూ తిడుతుంటాడు. ఎప్పుడు మార్చాలన్న మాట మాత్రం ఇంకా ఆయనదే. ఆయనకి మిగిలిన పెద్దరికం అదొక్కటే.

గురువారం కనుమ మీద మంచు పడొచ్చని వార్తల్లో చెప్పారు. నాన్నతో వాదించలేదు. సోమవారం ఆయన కంటి డాక్టరు దగ్గరికి బస్సులో వెళ్ళినప్పుడు, మంచు టైర్లు కారులో వేసుకుని హతనక గారి పెట్రోలు బంకుకి తీసుకెళ్ళి మార్పించేశాను. విప్పిన వేసవి టైర్లు షెడ్డులోకి తెచ్చి, మంచు టైర్లు ఉండే చోటే, అదే వరసలో, అదే నీలం పట్టా కప్పాను. చోటు ఖాళీగా కనిపిస్తే నాన్న కనిపెట్టేస్తాడని. రెండు జతల చక్రాలూ ఒకేలాంటి నల్ల ఇనుపవి. వేసవి టైర్లు ఆ ఏడాదే కొన్నవి.

మంచి తెలివైన పని చేశాననుకున్నాను.

బుధవారం సాయంత్రం పురుగులు ఎగిరాయి. భోజనాల దగ్గర నాన్న ముఖం వెలిగిపోతోంది. చొక్కా చేతి మీద ఒకటి వాలిందట. రేపు అమ్మాయి కనుమ దాటుతుంది కదా, పొద్దున్నే మార్చేయరా అన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. మార్పించేశాను నాన్నా అనే రెండు మాటలు. ఆ వెలిగిన ముఖం చూస్తూ నోరు రాలేదు. ఆదివారం మారుద్దాంలే, రేపు నాకు తీరదు అన్నాను.

ఆయన తినడం ముగించి లేచాడు. కొడుక్కి తీరదు, కోడలు మంచులోకి వెళుతోంది. ఏం చెయ్యాలో ఆయనకి తెలుసు.

నేను ఫారం నుంచి ఇంటికి పన్నెండు నిమిషాల్లో చేరాను. ట్రక్కు ఇంజను ఆపకుండానే షెడ్డులోకి దూకి పట్టా లాగాను. చెయ్యి పెట్టగానే తెలిసింది. మెత్తటి రబ్బరు, సన్నటి గాట్లు. మంచు టైర్లు. నాలుగింటి మీదా సుద్దముక్కతో నాన్న చేతిరాత: ఎడమ ముందు, కుడి ముందు, ఎడమ వెనక, కుడి వెనక. కింద తేదీ, నవంబరు 2. విప్పిన టైరు ఏ మూలదో రాసిపెట్టడం ఆయనకి లారీ రోజులనుంచీ అలవాటు.

వేసవి టైర్లు తొడిగించుకుని నా భార్య కొండ ఎక్కుతోంది.

ఫోన్ చేశాను. కనుమ మీద సిగ్నల్ ఉండదు. మళ్ళీ చేశాను. పోలీసులకి చేసి కారు రంగు, నంబరు చెప్పి ఆపమని బతిమాలాను. పైన గంట నుంచి మంచు పడుతోందని, అక్కడికి మనిషిని పంపుతామని చెప్పారు. ట్రక్కులో నేనే బయల్దేరాను. దానికీ వేసవి టైర్లే. కొండ మొదట్లో రోడ్డు తెల్లబడిన చోట చక్రాలు జారి పక్క కాలవలో దిగబడ్డాను. స్టీరింగ్ మీద ఫోను పెట్టుకుని అక్కణ్ణించే చేస్తూ కూర్చున్నాను. పదకొండు సార్లు.

పన్నెండోసారి ఫోను తనంతట తనే మోగింది. మూడుంపావు. పోలీసులు.

సొరంగం దాటాక దిగుడులో నాలుగో మలుపు. ఎదురుగా లారీ. లారీ డ్రైవరుకి దెబ్బ తగల్లేదు. మిసావోని ఒబిహిరో ఆసుపత్రికే తీసుకెళ్ళారు గానీ అప్పటికే అయిపోయింది. కారులో ముందుసీటు కింద గుమ్మడికాయ డబ్బా మూత కూడా ఊడకుండా ఉంది.

పోలీసు అధికారి కుర్రవాడు, మర్యాదగా అడిగాడు. నవంబరులో ఈ కనుమకి వేసవి టైర్లతో ఎందుకు పంపారని. ఇంకా టైముందనుకుని నేనే వద్దన్నానని చెప్పాను. రాసుకున్నాడు. వెళ్ళబోతూ, నట్లు మాత్రం చాలా బాగా బిగించి ఉన్నాయండీ, ఒక్కటి కూడా వదులు కాలేదు అన్నాడు. ఓదార్పు అనుకున్నాడేమో.

ఇంటికి రాగానే మొదట షెడ్డులోకి వెళ్ళాను. గుడ్డ తడిపి నాలుగు టైర్ల మీద సుద్ద రాతలు తుడిచేశాను. పట్టా కప్పాను. ఆ తర్వాతే లోపలికెళ్ళి నాన్నకి చెప్పాను.

ఆయన ఏడవలేదు. "టైర్ల వల్ల కాదు కదరా?" అన్నాడు. "నేను వేశాను. నువ్వు తిడతావని చెప్పలేదు."

కాదన్నాను.

ఆ అబద్ధం అంత్యక్రియల దాకానే నిలిచింది. హతనక గారు అగరువత్తి వెలిగించి నా వంక చూశారు. సోమవారం ఆయన చేతులతోనే మంచు టైర్లు బిగించారు. ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి, ఎక్కడా అనొద్దు, మా నాన్న కోసం అన్నాను. ఏం అర్థమైందో గాని, నడుం దాకా వంగి వెళ్ళిపోయారు. కానీ వెనక వరసలో గుసగుసలు ఆపలేకపోయాను. వేసవి టైర్లట. ఈ రోజుల్లో కనుమకా. మొగుడు వద్దన్నాడట.

అందరూ వెళ్ళాక నాన్న నా ఎదురుగా కూర్చున్నాడు.

"నేను వేసిన టైర్లు ఏమయ్యాయి?"

నా దగ్గర రెండే జవాబులున్నాయి. ఒకటి నిజం. అది విన్న క్షణం నుంచి ఆయన బతకడు.

"తీసేశాను నాన్నా."

"ఎప్పుడు?"

"నువ్వు కునుకు తీస్తున్నప్పుడు. మధ్యాహ్నం ఇంటికొచ్చాను."

"ఎందుకు?"

"నువ్వు బిగించిన నట్ల మీద నమ్మకం లేక. నీకు కళ్ళు కనబడవు, చేతులు పనిచెయ్యవు. పాతవే మళ్ళీ బిగించి పంపాను."

ఆయన పరువు కాపాడాలని మొదటి అబద్ధం ఆడాను. ఇప్పుడు ఆయన్ని బతికించడానికి ఆ పరువునే నా చేత్తో విరిచాను. నాన్న పెదవులు కదిలాయి.

"నా కోడల్ని చంపావురా."

అదే ఆయన నాతో ఆఖరి మాట, ఏడాది పాటు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలన్నట్టు బతికాం. నేను అన్నం పెట్టి లేచాక ఆయన వచ్చి తినేవాడు. పక్కింటావిడతో ఆ గెన్జోగారబ్బాయి అని, తన పేరే వేరేవాడిదన్నట్టు, నా గురించి ఎవరో పరాయివాడిలా మాట్లాడేవాడు. ప్రతి గురువారం నేను బస్సులో ఒబిహిరో వెళ్ళి మిసావో వాళ్ళమ్మకి గుమ్మడికాయ పెట్టేవాణ్ణి. ఆవిడ రెండు ముక్కలు తిని, అమ్మాయి రాలేదేం అనేది.

వసంతంలో నాన్న రెండు కళ్ళకీ ఆపరేషన్ చేయించుకున్నాడు. ఎన్నేళ్ళు చెప్పినా ఒప్పుకోనివాడు తనే వెళ్ళి పేరు రాయించుకున్నాడు. పూజపీఠం మీద కోడలి ఫోటో మసకగా కనబడుతోందని నర్సుతో అన్నాడట. కట్టు విప్పిన రోజు ఇంటికొచ్చి ఆ ఫోటో ముందు సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఆయనకి చూపొచ్చిందని నేను సంతోషించాను. అది ఎటు దారి తీస్తుందో ఆలోచించలేదు.

ఈ ఏడాది పురుగులు అక్టోబరు ఇరవై ఎనిమిదిన ఎగిరాయి. నేను వంటింట్లో గుమ్మడికాయ కోస్తున్నాను. కిటికీలోంచి చూస్తే నాన్న వాకిట్లో నిలబడి ఉన్నాడు. నెరిసిన జుట్టు మీద రెండు మూడు తెల్ల చుక్కలు వాలాయి. దులుపుకోలేదు. నెమ్మదిగా షెడ్డు వైపు నడిచాడు. తలుపు తీశాడు.

పోయిన ఏటి మంచు టైర్లు అక్కడే ఉన్నాయి. వాటిని ఎవరికైనా ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. రాతలు తుడిచేశాను కదా అన్న ధైర్యం కూడా.

పావుగంట అయింది. అరగంట అయింది. చీకటి పడకముందే నేను షెడ్డు దగ్గరికి వెళ్ళాను.

నాన్న నేలమీద కూర్చుని ఉన్నాడు. నాలుగు టైర్లనీ బోర్లా తిప్పి పడుకోబెట్టాడు. ప్రతి చక్రం లోపలి వైపు, ఇరుసుకి ఆనుకునే చోట, సుద్దతో చిన్న అక్షరాలు. ఎడమ ముందు. నవంబరు 2. బయట రాసింది రాపిడికి పోతుందని ఆయన లోపల కూడా రాస్తాడు. నలభై ఏళ్ళుగా రాస్తున్నాడట. పక్కన స్టూలు వేసుకుని తిట్టినన్నాళ్ళూ నాకు ఆ సంగతి చెప్పలేదు.

విప్పిన టైరు మీదే ఆయన రాస్తాడు. తొడిగిన దాని మీద ఎన్నడూ రాయడు. అంటే ఆ రోజు ఆయన విప్పినవి మంచు టైర్లే.

"ముందే మార్పించావు," అన్నాడు. ఏడాది తర్వాత మాట కదా, గొంతు బొంగురుగా వచ్చింది. "హతనకా?"

తలూపాను.

"నాకు చెప్పలేదు."

"చెప్పలేదు నాన్నా. నీ పట్టా కింద నేనే దాచాను. తప్పు నాది."

ఆయన చక్రం లోపలి అక్షరాల మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. ఒక్క అక్షరమైనా పూర్తిగా చెరగలేదు. వేలికి తెల్లటి పొడి అంటింది. దాన్ని కళ్ళ దగ్గరగా తెచ్చుకుని చూసుకున్నాడు. కొత్తగా వచ్చిన చూపు, అన్నీ స్పష్టంగా కనబడతాయి.

నేను పక్కన కూర్చున్నాను. ఆయన భుజం నా భుజానికి ఆనింది. ఆయన ఆనించాడో, ఒరిగిపోయాడో తెలియదు. బయట పురుగులు ఇంకా తేలుతున్నాయి.

ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి నా అరచేతిలో పెట్టాడు. అరిగి గోరంత ఉంది.

"నీ ట్రక్కుకి మంచు టైర్లు రేపు వేయించుకో," అన్నాడు. "నేను రాను. హతనక దగ్గరే వేయించుకో."