ఆపే హక్కు

గోడ మీద గీసినవాడెవడో మాకు తెలియదు. గీసింది మాత్రం అందరం చూశాం. అమెరికాలో క్యారీ అనే ఈ ఊళ్లో మా ఆఫీసున్న షాపుల వరసలో చివరిది యూదుల ప్రార్థన గది. ఆ గురువారం పొద్దున మేం వచ్చేసరికి దాని కిటికీ అద్దాలు పగిలి ఉన్నాయి. తలుపు పక్కన నల్లరంగుతో నాజీల గుర్తు. హ్యారియెట్ లూరీ అనే పెద్దావిడ, స్కూల్ బస్సు నడిపి రిటైరైన మనిషి, మోకాళ్ల మీద కూర్చుని గాజు పెంకులు ఏరుతోంది.

అప్పుడు వేంచేశారు సూర్యప్రకాశరావు గారు. ఆ షాపుల వరస ఆయనది. మేం పనిచేసే కన్సల్టెన్సీ ఆయనది. మా వీసాలు ఆయన చేతిలో ఉన్నాయి. ఊళ్లో తెలుగువాళ్ల సభ ఏది జరిగినా ముందు వరసలో నడిమి కుర్చీ కూడా ఆయనదే. కారు దిగి, బూట్లకు గాజు తగలకుండా అడుగులు వేసుకుంటూ వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"చాలా బాధగా ఉంది, హ్యారియెట్. కానీ మిగతా టెనెంట్స్ భయపడుతున్నారు. ఇన్సూరెన్స్ వాళ్లు అడుగుతారు. మీ సేఫ్టీ కోసమే చెబుతున్నా. నెలాఖరుకి రూమ్ ఖాళీ చేయండి."

సేఫ్టీ అట. రాయి విసిరినవాణ్ణి పట్టుకోవాలని ఒక్క మాట రాలేదు ఆ నోటి నుంచి. దెబ్బ తిన్నవాళ్లను పంపించేస్తే దెబ్బ సంగతి మాసిపోతుందని ఆ మహానుభావుడి తెలివి. భయపడుతున్న టెనెంట్లు ఎవరా అని పక్కనే టిఫిన్ సెంటర్ నడిపే రేణు అక్కను అడిగాను. "నన్నెవరూ అడగలేదమ్మా. నాకు భయమేస్తే ఆయన్ని చూసే వెయ్యాలి" అంది.

ఆ గది పోతే ఏం పోతుందో మీకు తెలియాలి. శనివారం వాళ్లకు షబ్బాత్, పనులన్నీ ఆపేసే పవిత్ర దినం. హ్యారియెట్ లాంటివాళ్లు ఆ రోజు కారెక్కరు. ఎంత దూరమైనా నడిచే వస్తారు. వెనక అపార్ట్‌మెంట్లలో ఉన్న ముసలివాళ్లందరికీ నడవగలిగినంత దూరంలో ఉన్నది ఈ ఒక్క గదే. వాళ్ల పెద్ద ప్రార్థన మందిరం, సినగాగ్, హైవే అవతల ఎక్కడో ఉంది. గదికి తాళం పడితే వాళ్లు బతికినన్నాళ్లూ ప్రతి శనివారం ఎవరింట్లో వాళ్లు ఒంటరిగా కూర్చోవాలి. కలిసి ప్రార్థన చేయడం అన్నది వాళ్ల జీవితంలోంచి పోతుంది.

మా తెలుగు కుర్రాడు సాయి తేజ ఇక్కడ మాస్టర్స్ చదువుతున్నాడు. వాడికి రక్తం మరిగింది. గది ఖాళీ చేయించొద్దని రావు గారికి ఒక పిటిషన్ రాశాడు. సంతకాల కోసం నన్ను తోడు తీసుకుని ఆ శనివారమే ప్రార్థన గదికి బయల్దేరాడు. కాగితం చాపితే ఒక్కరూ పెన్ను అందుకోలేదు. నవ్వుతారు, తల ఊపుతారు, లోపలికి పోతారు.

"చూసినవా అక్కా, గోడ మీద గట్ల గీసినా వీళ్లకు రోషం లేదు. పెన్ను గూడ ముడుతలేరు. మనకెందుకీ లొల్లి?"

ఈ మాట అన్నవాడు సొంత కాలేజీలో ఫీజు పెంచితే నోరెత్తలేదు. విన్న నేను మా రావు గారు ఏ కాగితం ముందు పెట్టినా చదవకుండా సంతకం పెట్టే రకం. రోషం గురించి మేమిద్దరం తీర్పులిస్తున్నాం, ఎంత సిగ్గుచేటు.

హ్యారియెట్ వచ్చి కాగితం మీద చెయ్యి వేసింది. "షబ్బాత్ రోజు మేం రాయం, బాబూ. రేపు తీసుకురా, అందరం పెడతాం. ఇవాళ చెయ్యాల్సింది వేరే ఉంది. కూర్చోండి."

లోపల ఆ సంఘం ప్రెసిడెంటు మార్టిన్ ఫైన్ లేచాడు. పళ్ల డాక్టరు. హైవే అవతల ఇల్లు. కారులో వచ్చి పక్క వీధిలో పార్క్ చేస్తాడని అందరికీ తెలుసు. "ఓనరుతో మాట్లాడాను. ఆయన చాలా మర్యాదస్తుడు. గొడవ పడితే పేపర్లో వస్తాం, ఇంకో రాయి పడుతుంది. నిశ్శబ్దంగా వెళ్లిపోదాం" అన్నాడు. ఈ గొంతు నాకు బాగా తెలిసిన గొంతే. భాష మారినా మతం మారినా పెద్దమనుషులందరికీ అదొక్కటే గొంతు.

తర్వాత తోరాను, చుట్టగా చుట్టి ఉంచే వాళ్ల పవిత్ర గ్రంథాన్ని, తీసుకొచ్చి బల్ల మీద పరిచారు. చదివే ఆయన నోరు తెరవబోయాడు. హ్యారియెట్ నడుచుకుంటూ వెళ్లి అరచేత్తో బల్ల మీద గట్టిగా కొట్టింది.

"చదవొద్దు."

ఫైన్ మొహం ఎర్రబడింది. "హ్యారియెట్, ఇది ప్రార్థన."

"అందుకే ఇక్కడ ఆపుతున్నా. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో, పోలండ్‌లో, విధవరాలికి అన్యాయం జరిగినా, కూలివాడికి జరిగినా, వాళ్లొచ్చి ఇలా చదవడం ఆపేవాళ్లు. ఊరు న్యాయం చేస్తానని మాటిచ్చేదాకా తోరా ముందుకు కదిలేది కాదు. ఎంత షావుకారైనా నోరు మూసుకుని వినాల్సిందే. ఇది మన హక్కు. మీరందరూ మర్చిపోయారు. మనల్ని అడక్కుండా మన గది వదులుకోవడానికి నువ్వెవరు, మార్టిన్?"

"అది పాత ఆచారం. ఇప్పుడెవరు చేస్తున్నారు?"

"నేను చేస్తున్నా."

వాదన చాలాసేపు నడిచింది. కేకలు వేసుకున్నారు, వేళ్లు చూపించుకున్నారు. వాకర్ పట్టుకున్న ఒకాయన లేచి, "నేను ఆ సినగాగ్‌కి ఎలా రావాలి? ఎగురుతూ రానా?" అన్నాడు. ఒకామె ఏడుస్తూనే ఫైన్‌ను తిట్టింది. చివరికి గది వదిలిపెట్టబోమని అందరూ మాట ఇచ్చారు. ఫైన్ కూడా ఇచ్చాడు, చేదు మందు మింగినట్టు. అప్పుడు గాని ఆవిడ బల్ల మీంచి చెయ్యి తీయలేదు.

బయటికొచ్చాక సాయి తేజ పిటిషన్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "రేపు మనోళ్ల ఫంక్షన్ ఉంది గదా అక్కా" అన్నాడు.

ఉంది. సమాజ సేవకు గాను సూర్యప్రకాశరావు గారికి సన్మానం. ఏ సమాజమో, ఏ సేవో ఎవరూ అడగరు. హాలు నిండింది. ముందు వరసలో పట్టుచీరలు, వెనక వరసల్లో మేం, ఆయన కంపెనీ జనం. యాంకర్ ఆయన్ని దీపం వెలిగించమని పిలిచింది. నేను లేచి స్టేజీ ఎక్కి దీపానికీ ఆయనకూ మధ్య నిలబడ్డాను.

"ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాకే ఈ ప్రోగ్రామ్ మొదలవుతుంది. పోయినేడాది మన గుడి గోడ మీద ఎవరో 'మీ దేశం పొండి' అని రాసినప్పుడు బకెట్లు తెచ్చి కడిగిందెవరండీ? హ్యారియెట్ వాళ్లు. వాళ్లతో ఫొటో దిగిందెవరు? మీరు. ఇప్పుడు వాళ్ల గోడ మీద రాస్తే వాళ్లనే ఎందుకు వెళ్లగొడుతున్నారు?"

ఆయన నవ్వాడు. మైకు చేతిలోనే ఉంది. "అమ్మా ప్రసూనా, ఆఫీస్ విషయాలు ఆఫీస్‌లో మాట్లాడుకుందాం. నీ వీసా రెన్యువల్ నా టేబుల్ మీదే ఉంది, గుర్తుందా?"

అందరూ విన్నారు. ఇన్నాళ్లూ తలుపులు మూసి ఒక్కొక్కరికి విడిగా చెప్పిన మాట అది. గర్వం తలకెక్కి మైకులో చెప్పాడు.

"గుర్తుందండీ. జవాబు చెప్పండి."

"అయితే ఈ క్షణం నుంచి నువ్వు మా ఎంప్లాయీవి కాదు. దిగు."

నేను దిగలేదు. వెనక వరసలో కుర్చీ చప్పుడైంది. శశికాంత్ లేచాడు. టైమ్‌షీట్ల కోసం మా అందరినీ సతాయించే మేనేజరు, ఇద్దరు పిల్లలు, ఇంటి లోను ఉన్న మనిషి. "నన్ను కూడా తీసెయ్యండి సార్" అన్నాడు. తర్వాత మా టీమ్‌లోని అదితి, తర్వాత ధృవ్, తర్వాత నాకు పేర్లు తెలియని కొత్తవాళ్లు. సాయి తేజ, వాడి స్నేహితులు నడవలో బైఠాయించారు. ముందు వరస పట్టుచీరల్లోంచి రేణు అక్క వచ్చి నా పక్కన నిలబడి, "నాదీ మీ షాపేగా రావు గారూ, నన్ను కూడా ఖాళీ చేయించండి" అంది.

ఆయన మైకు కిందికి దించాడు. ఒక్కొక్కరినీ విడిగా బెదిరించడం వచ్చిన మనిషికి ఇంతమందిని కలిపి ఏం చెయ్యాలో తెలియలేదు. దీపం వెలిగించకుండానే, శాలువా కప్పించుకోకుండానే పక్క తలుపులోంచి జారుకున్నాడు.

గది ఖాళీ చేయక్కర్లేదని ఆయన ఇంతవరకూ చెప్పలేదు. మా ఉద్యోగాలు పోయాయి, ఉద్యోగం లేకుండా ఈ దేశంలో ఉండనిచ్చే వీసాల గడువు గడియారంలా నడుస్తోంది, లాయర్ల చుట్టూ తిరుగుతున్నాం. నెలాఖరుకి తాళం మార్చే మనిషిని పంపుతాడట.

పంపమనండి. ముసలివాళ్లు లోపల ప్రార్థన చేసుకుంటూ ఉంటారు. గుమ్మంలో మేం కూర్చుని ఉంటాం. తాళం వేయాలంటే ముందు మమ్మల్ని లేపాలి.