మా తమ్ముడు ఎక్కితేనే నడిచిన ఇంజన్

ఇలా దగ్గరికి జరిగి కూర్చో బుజ్జీ. ఆ దిండు కాస్త నా నడుం వెనక పెట్టు. ఆఁ, ఇప్పుడు విను.

మా తమ్ముడికి ఒక పడవ ఉండేది. దాని వెనక ఒక పాత ఇంజన్. తాడు లాగితే దగ్గేది, తిడితే నడిచేది. అందుకే అందరం దాన్ని మొండిది అనేవాళ్లం. అవతలి ఒడ్డున ఉన్న ఆసుపత్రికి నర్సమ్మల్ని పొద్దున దింపడం, సాయంత్రం తీసుకురావడం వాడి పని. ఒక ఏడు వాడి కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవనివాడు తాడేం లాగుతాడు? మా మరదలు నడుం బిగించి, "నేను నడుపుతాను" అంది. నూనె ఎంత కలపాలో, ప్లగ్గు ఎలా తుడవాలో, తాడు ఏ ఒడుపున లాగాలో వాడు ఒడ్డునే కూర్చుని వివరంగా చెప్పాడు. మరదలు శ్రద్ధగా నేర్చుకుంది.

మొదటిరోజే నడినీట ఇంజన్ ఆగిపోయింది.

ట్యాంకు మూత తీసి చూస్తే పెట్రోలు నిండుగా ఉంది. మూత బిగించి తాడు లాగితే బుద్ధిగా కదిలింది. ఇంకాస్త దూరం పోయి మళ్లీ అలిగింది. రోజూ ఇదే తంతు. ప్లగ్గు మార్చారు, కార్బొరేటర్ విప్పి కడిగారు, కొత్త గొట్టం వేశారు. చివరికి మెకానిక్, "దీనికి జబ్బు లేదమ్మా, వయసే" అని చేతులు తుడుచుకున్నాడు. పెద్ద నర్సమ్మ మంచి మనిషే. కానీ ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? "రాత్రంతా పనిచేసినవాళ్లు మా కోసం కాచుకుని ఉంటారు. ఈ వారం చూసి వేరే పడవ మాట్లాడుకుంటాం" అంది.

మా తమ్ముడు ఒడ్డు మీద నుంచే ఎత్తిపొడిచేవాడు. "దానికి నా చెయ్యి అలవాటే. ఎవరు పడితే వాళ్లు లాగితే లేస్తుందా?"

"లేవడం లేస్తోందండీ. నాలుగడుగులు వేసి పడుకుంటోంది, మీలాగే" అనేది మరదలు.

పైకి అలా అన్నా, నా దగ్గరికొచ్చి అరచేతుల్లో బొబ్బలు చూపించింది. "వదినా, ఈ పని పోతే ఆయన ఇక నీళ్లవైపు చూడరు. మంచం పట్టేస్తారు."

నేను వెళ్లి, "ఒరేయ్, రేపు నువ్వూ ఎక్కు" అన్నాను.

"నా పడవలో నేను పాసింజరునా అక్కా?"

"పాసింజరువి ఎందుకవుతావురా, బరువువి. ఎక్కు."

గొణుక్కుంటూ ఎక్కి వెనకాల ఇంజన్ పక్కన కూర్చున్నాడు. తోడుగా నేనూ ఎక్కాను. ఆ రోజు ఇంజన్ ఒక్కసారి కూడా ఆగలేదు. వాడి మొహంలో వెలుగు చూడాలి. మర్నాడు కావాలనే ఎక్కలేదు, ఆగింది. ఆ మర్నాడు ఎక్కాడు, ఆగలేదు. నర్సమ్మలు నవ్వారు. మరదలు నవ్వలేదు. ఇంజన్ని వదిలేసి మొగుణ్ణి చూడసాగింది. సాయంత్రం పడవ ఒడ్డుకు తగలగానే అడిగింది.

"ఏమండీ, ఇప్పుడు ఏం చేశారు?"

"ఏం చేశాను? కూర్చున్నాను."

"ఆ ఎడమ చెయ్యి?"

వాడు తన చేతివంక తానే చూసుకున్నాడు. అది ట్యాంకు మూత మీద ఉంది. మూత నడుమ ఒక చిన్న మర ఉంటుంది. బయల్దేరేముందు దాన్ని వదులు చేయాలి. దిగాక బిగించాలి, ఇంజన్ మోసుకెళ్లేటప్పుడు పెట్రోలు ఒలక్కుండా. మర వదులైతేనే లోపలికి గాలి పోతుంది, గాలి పోతేనే పెట్రోలు కిందికి దిగుతుంది. మూత తీసి చూసినప్పుడల్లా లోపలికి పోయిన కాస్త గాలితోనే మొండిది ఆ కాస్త దూరం నడిచేది. ఇన్నేళ్లూ వాడి చేతికి తెలిసిన సంగతి వాడి నోటికి తెలియలేదు.

మరదలు దులిపేస్తుందనుకున్నాను. "ఆ చెయ్యి ఇంకా ఏమేం చేస్తుందో రోజూ చూడనివ్వండి" అంది, అంతే.

వాడు మూత మీంచి చెయ్యి తీశాడు. "అయితే రేపూ ఎక్కాలన్నమాట" అన్నాడు.

నర్సమ్మలు వేరే పడవ మాట్లాడుకోలేదు. అప్పట్నుంచి మరదలు తాడు లాగేది, తమ్ముడు మర తిప్పేవాడు. మర తిప్పడం ఎంతసేపు పని, తనకు రాదా? కానీ మా మరదలు బతికున్నన్నాళ్లూ ఆ మరను ముట్టుకోలేదు.

ఇది గుర్తుంచుకుని నీ తర్వాతివాళ్లకూ చెప్పు బుజ్జీ. మర సంగతి మాత్రం ముందే చెప్పేయకు. వాళ్లనూ కాసేపు తాడు లాగనీ.